అరికాలి రంగు

బుడమేరు పొంగి నందివాడ చేలన్నీ మునిగి, ఇటు కృష్ణకి పదకొండు లక్షల క్యూసెక్కుల నీళ్ళొచ్చిన ఏడు అది, మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో నీళ్ళని బట్టే చెప్పుకుంటాం, ఉప్పెనకి నాకు పందొమ్మిదేళ్ళు, నా కొడుకు నాని తొంభై తుఫానుకి నాలుగు రోజుల ముందు పుట్టాడు, ఇప్పుడు వాడి కూతురు ఈ వరదకి పుట్టింది, పెద్దదయ్యాక అదీ అలాగే చెప్పుకుంటుంది, చెప్పుకుంటుందా, చెప్పుకుంటుందనే అన్నట్టు పొద్దున నవ్వింది డాక్టరమ్మ, ఇరవై ఒకటి ఉన్నది పద్నాలుగుకి దిగిందండీ అంది, ఏమిటా ఇరవై ఒకటి అని నేను అడగలేదు, రక్తంలో పసుపు ఎంత ఉందో ఆ లెక్కట, మాధవి చెప్పింది, మాధవి నా కోడలు, కృష్ణలో నీళ్ళు తగ్గినట్టే తగ్గుతోంది మావయ్యా అంది, బందరు ఆసుపత్రిలో ఈ బల్ల మీద కూర్చోవడం ఇది మూడో రోజు, ఎదురుగా అద్దం, అద్దం అవతల నీలం లైటు, దాని కింద కళ్ళకి గుడ్డ కట్టుకుని ఒంటి మీద బట్ట లేకుండా మనవరాలు, పక్కనే అద్దానికి నుదురు ఆనించి నాని, వాడి ఊపిరికి అద్దం మసకబారితే అరచేత్తో తుడుస్తాడు, మళ్ళీ ఆనిస్తాడు, ఆ నీలంలో ఎవరి రంగూ తెలియడం లేదు, పిల్లదీ తెలియదు, లోపల నిలబడ్డ మాధవి కట్టుకున్నది ఆకుపచ్చ చీరని నాకు తెలుసు కాబట్టి ఆకుపచ్చ అనుకుంటున్నాను గాని అక్కడ అది నల్లగా ఉంది.

చేప రంగైతే నాకు తెలుసు, మోకాళ్ళు మొరాయించి సముద్రానికి వెళ్ళడం మానేసిన దగ్గర్నుంచి ఒడ్డున చేపలు ఏరి కొని గుడివాడ బజారుకి తీసుకెళ్ళే పనే నాదీ నానిదీ, ఆ బజారులో కొట్ల మీద ఎర్ర పరదాలు కడతారు, పరదా కింద నాలుగు రోజుల చేపకి కూడా మొప్పలు ఎర్రగా కనిపిస్తాయి, పైన ఒక పచ్చ బల్బు పెడితే ఒళ్ళు ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు ఉంటుంది, ఎవరైనా ఈ చేప చూసిపెట్టు నాంచారయ్యా అంటే నేను అనే మాట ఒక్కటే, బయటికి తే, రాజ్యలక్ష్మి అని అక్కడ కొట్టామె, ఏం మావయ్యా చేపకి పెళ్ళిచూపులా, ఎండలో నిలబెట్టి చూస్తావు, దాన్ని నీకిచ్చి చేస్తామా ఏంటి అని నవ్వేది, నవ్వితే నవ్వింది, బయటికి తెచ్చాక కూడా ఎండకెదురుగా పట్టుకుని చూడకూడదు, పొలుసు మెరుపు కళ్ళలో కొట్టి అసలు రంగు పోతుంది, వీపు ఎండకి పెట్టాలి, మన నీడ చేప మీద పడాలి, వేలితో నొక్కి తీసి ఆ చోటు చూడాలి, ఇది నానికి అయిదేళ్ళప్పుడు నేర్పాను, వాడికి వినపడదు, మాటా రాదు, పుట్టినప్పట్నుంచీ అంతే, అందుకని చేత్తో చెప్పేవాణ్ణి, అరచెయ్యి గుండెకేసి లాక్కుని వేలు ఆకాశానికి చూపిస్తే బయటికి తే అని, మా ఇద్దరి మధ్య పుట్టిన మొదటి మాట అది, తరవాత చాలా మాటలు పుట్టాయి, ఒకటి బుట్ట అడుగున కూడా చూడమని, ఒకటి వానొస్తుందని, ఒకటి మీ అమ్మకి కోపమొచ్చిందని, ఇంటికొచ్చి నోటితో మాట్లాడే పని నాకు క్రమంగా తగ్గిపోయింది, మా ఆవిడ కనకరత్నం ఊళ్ళో చెప్పేది, వినపడనివాడు ఒకడు, వినపడీ పలకనివాడు ఒకడు, ఇద్దరితో వేగుతున్నానమ్మా అని.

మాధవికి తల్లి లేదు, అందుకని పురుడు మా ఇంట్లోనే అనుకున్నాం, కాన్పు అవనిగడ్డ ఆసుపత్రిలో అయింది, ఆడపిల్ల, బాగుంది, నాలుగు రోజులుంచుతామన్నారు, నీళ్ళు పెరుగుతున్నాయి, రోడ్డు తెగితే ఇల్లు చేరలేమని మేమే అడిగి రెండో రోజున తెచ్చేసుకున్నాం, మా తొందరే, వాళ్ళ తప్పేం లేదు, హంసలదీవి దగ్గర మా పల్లెకి వచ్చేసరికి కరెంటు లేదు, పురిటి గదికి పాత చీర అడ్డం కట్టారు, లోపల ఛార్జింగు లైటు ఒకటి, పచ్చటి వెలుగు, పిల్లకి రోజూ పసుపూ పిండీ కలిపి నలుగు పెట్టి స్నానం, పదకొండో రోజు పురుడు పోయేదాకా మగవాళ్ళు గడప దాటకూడదు, నేను వాకిట్లో మంచం మీద కూర్చుని వాన చూస్తుండేవాణ్ణి, లోపల్నించి కనకరత్నం మాట వినపడేది, ఎంత బుద్ధిమంతురాలే తల్లీ, ఏడుపే లేదు, పాలకి కూడా లేపితే గాని లేవదు, అచ్చం తాత పోలిక, నోరు విప్పదు, అని, వచ్చిన ఆడవాళ్ళంతా నవ్వేవారు, నేనూ మీసంలో నవ్వుకున్నాను, నిజం చెప్పాలంటే గర్వపడ్డాను కూడా, ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు ఈ బల్ల మీద నాకు చలి వేస్తోంది.

అయిదో రోజున వాన తెరిపిచ్చి ఎండ కాసింది, కనకరత్నం గడప దగ్గర కాళ్ళు చాపుకుని కాళ్ళ మీద పిల్లని పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది, గాలికి చీర లేచింది, ఒక్క కాలు వెలుగులోకి వచ్చింది, పెసరగింజంత వేళ్ళు, అరికాలు, ఆ అరికాలు ఎండబెట్టిన చేపగుడ్డు రంగులో ఉంది, చీర మళ్ళీ పడిపోయింది, నేను చుట్ట వెలిగించుకున్నాను, ఆరిపోయింది, మళ్ళీ వెలిగించాను, అడగడానికి నాకు చాలాసేపు పట్టింది, ఎంతసేపో చెప్పడానికి సిగ్గు, రత్నం, అరికాలికి కూడా పసుపు రాశావా, అన్నాను, అరికాలికి పసుపేంటయ్యా పసిబిడ్డకి, ఎప్పుడూ మాట్లాడవు, మాట్లాడితే ఇదా అంది, బయటికి తే అన్నాను, ఆమె చీర పక్కకి తీసి నాకేసి ఎలా చూసిందంటే, నీకు గాని మతి పోయిందా, అయిదో రోజున పిల్లని బయటికా, మైల, గాలి సోకుతుంది, నా చేతుల మీదుగా ఎన్ని పురుళ్ళు పోయలేదు అంది, ఆమె అన్నది నిజమే, ఎన్నో పోసింది, నేను లేచి నిలబడ్డాను, గడప దాటలేదు, అరవై ఆరేళ్ళు దాటని గడప కాళ్ళకి అడ్డం పడింది, నాని వలల దగ్గర కూర్చుని ఉన్నాడు, వాడికేసి తిరిగి అరచెయ్యి గుండెకి లాక్కుని వేలు ఆకాశానికి చూపించి ఆ తరవాత గదికేసి చూపించాను, వాడు వల కింద పడేసి లేచాడు, నా మొహం ఒక్కసారి చూశాడు, అంతే, చీర తప్పించి లోపలికి నడిచాడు, ఒరేయ్ నానీ ఆగరా, మైలరా, బయటికి పోరా, అని కనకరత్నం, అయ్యో అయ్యో అని పక్కింటి లీలావతి, మంచం మీంచి మాధవి, ముగ్గురూ గోల, వాడికి ఒక్క ముక్క వినపడలేదు, వినపడేవాడైతే ఆగేవాడు, నేను ఆగినట్టే ఆగేవాడు, తల్లి కాళ్ళ మీంచి పిల్లని రెండు చేతులా ఎత్తుకుని వాకిట్లోకి వచ్చేశాడు.

వచ్చి ఎండకి వీపు పెట్టాడు, ఎవరూ చెప్పలేదు, తన నీడ పిల్ల మీద పడేట్టు నిలబడ్డాడు, బొటనవేలితో పిల్ల రొమ్ము మీద మెల్లిగా నొక్కి తీశాడు, తీసిన చోట ఎర్రన రావాలి, అక్కడ పసుపు నిలబడింది, పొట్ట మీద, తొడ మీద, అరికాలి మీద, ఒక్కో చోటా నొక్కి నాకు చూపిస్తున్నాడు, అప్పుడు కనకరత్నం కూడా చూసింది, ఇదేంటయ్యా, గదిలో ఇలా లేదే, గదిలో నాకు బాగానే ఉందే, అంది, నేను మాధవి ఫోన్ తీసుకుని సిగ్నల్ కోసం గట్టెక్కి నర్సు కృపావతికి చేశాను, గూడూరు పిల్ల, చర్చి వాళ్ళమ్మాయి, మా ఊళ్ళకి ఆమే నర్సు, నన్ను బాబాయ్ గారూ అంటుంది, ఏం చెప్పాలో తెలియక, అమ్మా, అరికాలు, అన్నాను, ఆమె, పచ్చగా ఉందా అండీ, పాలు తాగుతోందా, అంది, లేదమ్మా అన్నాను, వస్తున్నా, పిల్లని మళ్ళీ ఆ గదిలోకి మాత్రం తీసుకెళ్ళకండి, అంది, రోడ్డు తెగిన చోట ట్రాక్టరెక్కి నడుం దాకా తడిసి సంచీ నెత్తిన పెట్టుకుని వచ్చింది, తడిగుడ్డతో ఆ నలుగు పసుపంతా తుడిపించింది, వరండా నీడలోకి తెచ్చి, సూటి ఎండ వద్దండీ, ఇలా నీడలో పగటి వెలుగు చాలు అంది, కనుగుడ్డు చూసింది, చిగుళ్ళు నొక్కి చూసింది, మన పిల్లలు చామనఛాయ బాబాయ్ గారూ, మొహం చూస్తే మోసపోతాం, బల్బు వెలుగులో అసలు తెలియదు, ఈ కామెర్ల పసుపు ముందు మొహానికి వచ్చి అక్కణ్ణించి కిందకి దిగుతుంది, ఇది కాళ్ళ దాకా దిగిపోయింది, ఇంక ఆలోచించొద్దు, బండెక్కండి, అంది, ఇంతకీ ఎవరు చూశారండీ ముందు, అంటే కనకరత్నం, ఇదిగో ఈ మాటలాడని తండ్రీ, ఆ వినపడని కొడుకూ, అని కొంగు నోట్లో కుక్కుకుంది, ఎండలో కాసేపు పడుకోబెడితే పోదా అమ్మాయ్ అని మళ్ళీ అడిగింది, ఎండ మనకి చూపిస్తుంది పిన్నిగారూ, తగ్గించదు, తగ్గించే లైటు బందరులో ఉంది, అంది కృపావతి, ట్రాక్టరు తొట్టిలో మేం ఎక్కుతుంటే కనకరత్నం గట్టు మీద నిలబడి గోపాలస్వామిని పిలుస్తోంది, తొట్టిలో కృపావతి పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి పెదాల్లో ప్రభువుని పిలుస్తోంది, నేను ఎవర్నీ పిలవలేదు, నాని బొటనవేలు చూస్తూ కూర్చున్నాను, వాడు దాంతో పిల్ల అరికాలు రుద్దుతూనే ఉన్నాడు, ఆ రంగు తుడిస్తే పోయేదైనట్టు.

కోడూరులో అంబులెన్సు, ఆ తరవాత ఈ బల్ల. పిల్ల బతుకుతుందా అన్నది మొదటి రోజు, పిల్లకి వినపడుతుందా అన్నది రెండో రోజు నుంచి, ఎందుకంటే డాక్టరమ్మ, పేరు ఏంజెల్, చిన్న వయసు, ఆమె నానిని చూసి, మీ అబ్బాయికి పుట్టుకతోనే వినపడదా అండీ అని అడిగింది, అవునన్నాను, ఈ పసుపు మరీ పెరిగితే మెదడుకి ఎక్కుతుందండీ, కొందరికి చెవి పోతుంది, ఆయన పుట్టినప్పుడు ఒళ్ళు పచ్చబడిందా, అంది, తెలియదమ్మా అన్నాను, ఎవరూ చూడలేదా అంది, చూడలేదు, ఎలా చూస్తాం, వాడు పుట్టిన నాలుగో రోజున తుఫాను, గాలికి ఇదే పురిటి గది కిటికీ రెక్కలు ఊడి కొట్టుకుపోయాయి, తల్లీ పిల్లా తడుస్తున్నారని వానలోనే నిచ్చెనేసుకుని రేకు పెట్టి మేకులు కొట్టాను, చుట్టూ, పదహారు మేకులు, ఆ తరవాత ఎన్నో రోజులు లాంతరు వెలుగే, లాంతరు కింద మేమందరం పచ్చగానే ఉన్నాం, పిల్లాడు బుద్ధిమంతుడు, ఇంత తుఫానులోనూ లేవకుండా నిద్రపోతున్నాడు, అన్నారు, అప్పుడూ అదే మాట అన్నారు, ఇదంతా డాక్టరమ్మకి చెప్పాను, అన్ని మాటలు ఒక్కసారి నేను ఎప్పుడన్నానో గుర్తు లేదు, చివరికి గ్రహణం సంగతి కూడా చెప్పాను, కడుపుతో ఉండగా గ్రహణం నాడు కనకరత్నం బయటికి వచ్చి చేపలకి ఉప్పు పెట్టింది, ఆ రోజు పడవకి మోయలేనన్ని చేపలు, పెట్టకపోతే కుళ్ళిపోతాయి, అందుకే వాడికి చెవి పోయిందని మా అమ్మ అనేది, ఊరంతా అనేది, పేరంటాలకి పిలిచి పక్కన కూర్చునేవాళ్ళు కాదు, కనకరత్నం ఒక్కసారి కూడా కాదనలేదు, నేనూ అనలేదు, నేను ఏదీ అననుగా, డాక్టరమ్మ నెమ్మదిగా, దీనివల్లే ఆయనకి చెవి పోయిందని ఖచ్చితంగా చెప్పలేనండి, అప్పటికి నేనే పుట్టలేదు, అయ్యుండొచ్చు, కాని ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, గ్రహణానికీ చెవికీ సంబంధం లేదు, అంది.

ఇప్పుడు అద్దం అవతల నీలం లైటు ఆపారు, పాలకి వేళైంది, మాధవి పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది, ఆకుపచ్చ చీర ఆకుపచ్చగా ఉంది, సాయంత్రపు వెలుగు పిల్ల కాళ్ళ మీద పడుతోంది, అరికాలు ఉతికిన గుడ్డలా ఉంది, డాక్టరమ్మ నా పక్కకి వచ్చి, రంగు చూసి అప్పుడే నమ్మకండి తాతగారూ, లైటు కింద ఉన్న పిల్లకి ఒళ్ళు త్వరగా తెల్లబడుతుంది, లోపల ఎంతుందో రక్తమే చెప్పాలి, పొద్దుటికి పద్నాలుగు, రేపు మళ్ళీ చూస్తాం, అంది, నాకు ఆ మాట నచ్చింది, తన కళ్ళని కూడా తను నమ్మని మనిషి, ఒడ్డున అలాంటివాళ్ళు తక్కువ, దణ్ణం పెడదామని చేతులెత్తబోతున్నాను, అప్పుడు లోపల ఆయా చేతిలోంచి స్టీలు పళ్ళెం జారింది, రాతి గచ్చు మీద పడి గిర్రున తిరుగుతూ మోగింది, వార్డులో అందరూ అటు తిరిగారు, మాధవి తిరిగింది, డాక్టరమ్మ తిరిగింది, నేను తిరగలేదు, నేను పిల్లనే చూస్తున్నాను, పిల్ల రెండు చేతులూ ఒక్కసారి విప్పేసింది, పది వేళ్ళూ విచ్చుకున్నాయి, మొహం ముడుచుకుని నోరు తెరిచి ఏడ్చింది, గట్టిగా, అద్దం ఇవతలికి వినపడేంత గట్టిగా, తాత పోలిక ఏం లేదు, నాని కూడా తిరగలేదు, వాడికి పళ్ళెం సంగతి తెలియదు, పిల్ల ఉలికిపడటం ఒక్కటే చూశాడు, భయపడి నాకేసి తిరిగి ఏమైందని చెయ్యి ఊపాడు, నేను పళ్ళెం చూపించాను, నా చెవి ముట్టుకున్నాను, పిల్లని చూపించాను, వాడు తన చెవి ముట్టుకుని తల అడ్డంగా ఊపి, మళ్ళీ పిల్లని చూపించి తల నిలువుగా ఊపాడు, నాకు లేదు, దానికి ఉందా, అని, ఉంది అన్నాను, నోటితోనే అన్నాను, వాడు నవ్వాడు, వాడి నవ్వుకి ఒక చప్పుడుంది, వాడికి తెలియని చప్పుడు, డాక్టరమ్మ కూడా ఆ నవ్వు విని, చెవి పరీక్ష తరవాత చేస్తామండీ, ఇప్పటికి మాత్రం మంచి గుర్తే, అంది.

ఆ నవ్వు వింటుండగా కదలకుండా ఒకటి నాలో నిలబడింది, ఇన్నాళ్ళూ తెరలు తెరలుగా ఊగుతున్నది, ఆ ఏడు గ్రహణం ఆకాశాన పట్టి విడిచిపోయింది, విడవకుండా ఉన్నది ఆ గదిలో నేను కొట్టిన రేకు, దాని వెనకాల ముప్పై నాలుగేళ్ళు కనకరత్నాన్ని కూర్చోబెట్టాను, ఏమీ అనకుండా ఊరుకోవడం మంచితనం అనుకున్నాను, అదీ ఒక రేకే.

మర్నాడు మొదటి బస్సుకి అవనిగడ్డ, అక్కణ్ణించి కోడూరు, అక్కణ్ణించి నీళ్ళు తీసిన రోడ్డు మీద ఆటోలో ఇల్లు చేరేసరికి ఎనిమిదైంది, కనకరత్నం వాకిట్లో బురద తీస్తోంది, పిల్ల ఎలా ఉంది అంది, పన్నెండుకి దిగిందట, దారిలో ఉండగా మాధవి ఫోన్ చేసింది, పళ్ళెం పడితే ఏడ్చింది అన్నాను, ఆమె అక్కడే బురదలో కూర్చుండిపోయింది, నేను సుత్తీ పట్టుకారూ తీసుకుని గది వెనక్కి వెళ్ళాను, మేకులు తుప్పుపట్టి తలలు ఊడిపోతున్నాయి, రేకు అంచున సుత్తి కర్ర దూర్చి ఊడబెరికాను, గోడ పెచ్చు కూడా వచ్చింది, లోపల్నించి ఆమె వచ్చి ఆ కిటికీలో నిలబడింది, ఏంటయ్యా ఈ పని, పొద్దున్నే, అంది, రత్నం, గ్రహణం వల్ల కాదట, అది నీ తప్పు కాదు, ఈ చీకటి చేసింది నేను, అన్నాను, వీపు ఎండకి ఉంది నాది, నా నీడ ఆమె మీద పడుతోంది, ఆమె మొహం ఎలా ఉందో నాకు స్పష్టంగా కనిపిస్తోంది, ఆ తరవాత అంది, ఆ గాలికి నువ్వు రేకు కొట్టకపోతే నేనూ వాడూ ఉండేవాళ్ళమా, కొట్టినందుకు కాదయ్యా, తియ్యనందుకు తిట్టాలి నిన్ను, అని, కిటికీలోంచి చెయ్యి చాపి, ఆ మేకులన్నీ ఇలా ఇవ్వు, పిల్ల పాకే వేళకి కాళ్ళకి గుచ్చుకుంటాయి, అంది.

ఒక్కొక్కటీ ఏరి పదహారూ ఆమె చేతిలో పెట్టాను.